చెప్పినవాడు నష్టపోకూడదు: సీమ పరిశ్రమల్లో అనుభవం ఎక్కడ ఆగిపోతోంది?

సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ చేతులు మారుతుంది. ఎనిమిది గంటల పాటు కిల్న్ (ముడిసరుకును కాల్చే పెద్ద కొలిమి) ఎలా నడిచింది, ఏ సమస్య వచ్చింది, దానికి ఏం చేశారు అన్నది దిగిపోయే ఆపరేటర్ రాసి సంతకం పెట్టాలి. డ్యూటీకి వచ్చే ఆపరేటర్ చదివి సంతకం పెట్టాలి. పద్ధతి బాగానే ఉంది. పేజీలు తిప్పితే మాత్రం ఎక్కువగా కనిపించేవి రెండే మాటలు: "కిల్న్ నార్మల్". రాత్రి రెండు గంటలకు కిల్న్ లోపలి గోడకు పట్టిన కోటింగ్ ఊడిపడితే బొగ్గు పెంచాలా, లోపలికి పంపే ఫీడ్ తగ్గించాలా అని తేల్చుకోవడానికి ఆ ఆపరేటర్ పడిన టెన్షన్ ఆ పేజీలో ఎక్కడా ఉండదు.

ఎందుకు రాయడు? బద్ధకం అనుకుంటే పొరపాటు. జరిగింది జరిగినట్టు రాస్తే ఉదయం మీటింగులో వచ్చే మొదటి ప్రశ్న "ఎవరి షిఫ్టులో?" అని. ఏం చేసి సర్దుకున్నారన్నది ఆ తర్వాతి మాట, ఒక్కోసారి అదీ ఉండదు. నిజం రాసినవాడు సంజాయిషీ చెప్పుకోవాలి, నార్మల్ అని రాసినవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఈ పరిస్థితిలో తెలివైనవాడు ఎవరైనా రెండో దారే పడతాడు.

ఎర్రగుంట్ల, చిలమకూరు, జమ్మలమడుగు, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు పని మీద బతికే కుటుంబాలకు కిల్న్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. సున్నపురాయితో పాటు మరికొన్ని ఖనిజాల పొడి కలిసి, దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో క్లింకర్ (సిమెంటుగా నూరే గట్టి గుళికలు) అవుతుంది. ఒకప్పుడు ఆపరేటర్ నీలం అద్దం అడ్డం పెట్టుకుని మంట రంగు చూసి నిర్ణయం తీసుకునేవాడు. ఇప్పుడు కెమెరా ఉంది. మోటారు కరెంటు ఎంత, వాయువుల శాతాలెంత అన్నది కంట్రోల్ రూమ్ తెరల మీద కనిపిస్తుంది. క్లింకర్‌లో ఫ్రీ లైమ్ (కలవకుండా ఉండిపోయిన సున్నం) ఎంత మిగిలిందో ల్యాబ్ ఎప్పటికప్పుడు చెబుతుంది. అయినా అవే అంకెలు చూసి పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు ఒకటి చేస్తాడు, రెండేళ్ళ క్రితం చేరినవాడు ఇంకోటి చేస్తాడు. ఎందుకలా చేశావని పెద్దాయన్ను అడిగితే "చూస్తే తెలిసిపోతాది" అంటాడు. అందులో దాపరికం లేదు, మాటల్లో పెట్టడం నిజంగానే కష్టం. మనిషికి తెలిసింది అతను చెప్పగలిగిన దానికంటే ఎప్పుడూ ఎక్కువేనని శాస్త్రవేత్త, తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లోనే అన్నాడు.

సంస్థల్లో జ్ఞాన నిర్వహణ అనే పేరుతో మూడు దశాబ్దాలకు పైగా నడుస్తున్న చర్చలో ఈ "చెప్పలేకపోవడం" గురించి బోలెడు రాశారు. "చెప్పకపోవడం" గురించి రాసింది తక్కువ. మేనేజ్‌మెంట్లు పోర్టల్ పెడతాయి, సాఫ్ట్‌వేర్ కొంటాయి, ట్రైనింగ్ ఇప్పిస్తాయి. అడగని ప్రశ్న ఒకటుంది: చెప్పినవాడికి ఏం మిగులుతుంది? కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతపు పరిశ్రమల్లో అనుభవం ఆగిపోయే చోట్లను దగ్గరగా చూస్తే, చెప్పడం వల్ల ఆ మనిషి ఏదో ఒకటి పోగొట్టుకుంటున్నట్టే తేలుతుంది. ఒకచోట కూలి, ఒకచోట గిరాకీ, ఇంకోచోట రిటైరయ్యాక దొరకాల్సిన కన్సల్టెంట్ పని. అన్నీ నేర్పేసినవాణ్ణి మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఆ నష్టం లేని చోట ఇవే ఊళ్ళవాళ్ళు అడగకపోయినా చెబుతున్నారు.

ముక్కకింత కూలి

కర్నూలు, కడప, అనంతపురం హద్దులు కలిసే నేలలో దొరికే సున్నపురాయిని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. సిమెంటుకు ముడిసరుకు అదే. పొరలు పొరలుగా లేచే చోట అదే నాపరాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లో నునుపెక్కి, రాష్ట్రం దాటాక కడప బండగా అమ్ముడుపోతుంది. ఒకే రాయి మీద ఒకవైపు వేల టన్నుల ప్లాంట్లు, ఇంకోవైపు పదీ ఇరవై మందితో నడిచే షెడ్లు బతుకుతున్నాయి.

గనిలో పొర ఎక్కడ విడుతుందో పట్టుకోవడం ఒక విద్య. ఉలి ఎక్కడ పెట్టాలి, ఎంత బలంతో కొట్టాలి, బండ లేచాక సుత్తితో తట్టినప్పుడు వచ్చే శబ్దంలో పగులు ఎలా వినపడుతుంది అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. నేర్చుకునేవాడు నాలుగైదు బండలు పగలగొట్టకుండా నేర్చుకోలేడు. కూలి ముక్కకింత, అడుగుకింత అని లెక్క కట్టే చోట ఆ పగిలిన బండలు ఎవరి ఖాతాలో పడతాయి? నేర్పేవాడి చెయ్యి ఆగిన గంటకు కూలి ఎవరిస్తారు? ఈ రెండింటికీ యజమాని దగ్గర జవాబు లేదు. అందుకే పనివాడు కొడుక్కో, తమ్ముడికో, బామ్మర్దికో నేర్పుతాడు. అక్కడైతే పోయిన కూలి మళ్ళీ అదే ఇంటికి వస్తుంది.

మన దగ్గర పనితనం కులాన్నీ కుటుంబాన్నీ దాటి బయటికి రాలేదని బాధపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ బాధ న్యాయమైనదే. దాన్ని పాతకాలపు మనస్తత్వం అని కొట్టేసే ముందు కూలి లెక్క కూడా ఒకసారి చూడాలి. నేర్పే గంటకు కూలి కట్టి, నేర్చుకునే దశలో పగిలిన బండలను యజమాని తన ఖర్చులో రాసుకుంటే పరాయివాడికి నేర్పడానికి ఉన్న అడ్డం చాలావరకు తొలగుతుంది.

పెద్ద ప్లాంట్లలో ఇదే సమస్య కాంట్రాక్టు రూపంలో కనిపిస్తుంది. ప్యాకింగ్, లోడింగ్, మెకానికల్ మెయింటెనెన్స్, షట్‌డౌన్‌లో కిల్న్ లోపల వేడిని తట్టుకునే ఇటుకలు పేర్చే పని, ఇవన్నీ చాలాచోట్ల కాంట్రాక్టు గ్యాంగులవే. ఏ క్రషర్ బేరింగ్ ఎండాకాలంలో వేడెక్కుతుందో, ఏ కన్వేయర్ బెల్టు ఒక పక్కకు జరుగుతుందో, ఏ వాల్వు సగం తిప్పగానే ఆగి మళ్ళీ కదులుతుందో తెలిసింది ఆ గ్యాంగు ఫిట్టర్‌కే. కాంట్రాక్టు ముగిసి ఇంకో గ్యాంగు వస్తే ఆ జ్ఞాపకం అంతా ఫ్యాక్టరీ గేటు దాటి వెళ్ళిపోతుంది. వెళ్ళేవాడు వచ్చేవాడికి ఎందుకు చెప్పాలి? ఆ వచ్చేవాడే కదా తన పొట్ట కొట్టింది. మానవ వనరుల విభాగం దగ్గర పర్మనెంట్ ఉద్యోగి రాజీనామా చేస్తే నింపాల్సిన ఫారాలు ఉంటాయి. కాంట్రాక్టు ఫిట్టర్‌కు గేట్‌పాస్ వాపసు చేయడం ఒక్కటే తంతు.

కొత్త డిజైన్ వయసు

ధర్మవరం కథ ఇంకా చిక్కుది. పట్టుచీర డిజైన్ మొదట గ్రాఫ్ కాగితం మీద గళ్ళలో పుడుతుంది. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి, వాటిని వరసగా కుట్టి, మగ్గం మీద జాకార్డుకు (డిజైన్ ప్రకారం దారాలు ఎత్తే యంత్రానికి) తగిలిస్తారు. రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని తాలూకు పడుగు దారం పైకి లేస్తుంది. లేనిచోట దారం లేవదు. ఒక కొంగు నిండాలంటే వందల అట్టలు. ఇప్పుడు డిజైన్ కంప్యూటర్‌లో గీసి, ఎలక్ట్రానిక్ జాకార్డుకు పెన్‌డ్రైవ్ పెడితే సరిపోతోంది. పని తేలికైంది, తప్పులు తగ్గాయి, పాత డిజైన్‌లో ఒక బుట్టా మార్చడానికి పూటలు పట్టడం లేదు.

ఆ తేలికే డిజైన్ చేసినవాడికి శత్రువు కూడా. అట్టల దండను ఎత్తుకుపోవడం కష్టం, ఫైలు కాపీ చేయడానికి అరనిమిషం చాలు. ఆ మాటకొస్తే ఫైలు కూడా అక్కర్లేదు, షోరూమ్‌లో చీర ఫొటో దొరికితే మిగతాది అనుభవం ఉన్న డిజైనర్ గీసేస్తాడు. కొత్త కొంగు బజారులో పేరు తెచ్చుకునేలోపే పక్క వీధి మగ్గం మీద, ఆ వెనకే పవర్‌లూమ్ మీద ప్రత్యక్షమవుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఊరి పేరును కాపాడుతుంది, ఫలానా మనిషి గీసిన ఫలానా నెమలిని కాపాడదు. చేనేతకు కొన్ని రకాలను కేటాయించిన 1985 చట్టం పవర్‌లూమ్‌ను ఆపడానికి పుట్టింది, పక్క మగ్గాన్ని ఆపడానికి కాదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద ఎవరైనా తన డిజైన్‌ను రిజిస్టరు చేసుకోవచ్చు. సీజనుకు పదులకొద్దీ డిజైన్లు మార్చే మాస్టర్ వీవర్ (నేతగాళ్ళతో చీరలు నేయించే యజమాని) ప్రతి దానికీ దరఖాస్తు పెట్టి, కాపీ కొట్టినవాడి మీద కోర్టుకెక్కి, తీర్పు వచ్చేదాకా ఆగాలంటే ఈలోపు ఆ ఫ్యాషనే మారిపోతుంది. అందుకే డిజైనర్‌ను ఇంట్లో మనిషిలా దగ్గర పెట్టుకోవడం, శాంపిల్ చీరను నమ్మకమైన షాపుకే చూపించడం, ఖర్చు పెట్టి సరికొత్తది గీయించే బదులు అమ్ముడుపోతున్న పాతదానికే చిన్న మార్పులు చేయడం. కొత్తదనం ఖర్చు ఒకడిది, లాభం ఊరందరిది అయినప్పుడు ఇంతకు మించి ఆశించలేం. ఇలాంటిచోట "పంచుకోండి, అందరూ బాగుపడతారు" అని వర్క్‌షాపు పెట్టి చెబితే వినేవాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు.

సహకార సంఘం అనే ఏర్పాటు ఈ లెక్కను ఇంకోలా రాస్తుంది. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. తర్వాత 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సంఘం నూలు ఇచ్చేది, నేసిన గుడ్డ సంఘమే తీసుకునేది, అమ్మకం భారం సంఘానిది. అలాంటి ఏర్పాటులో పక్కవాడికి ఒక మెలకువ నేర్పిన నేతగాడికి పోటీదారుడు పుట్టడు. నేర్చుకున్నవాడు నేసిందీ అదే గోడౌన్‌కు చేరుతుంది. సహకార సంఘాలు తర్వాతి కాలంలో ఎందుకు బలహీనపడ్డాయన్నది వేరే కథ. తెలిసింది దాచుకోవాల్సిన అవసరం ఎలా పోతుందో చూపడానికి మాత్రం దూరాన ఉన్న జపాన్ దాకా పోనక్కర్లేదు.

జపాన్ కథ కూడా ఒకటుంది

జపాన్ ప్రస్తావన లేకుండా ఈ విషయం మీద వ్యాసం పూర్తి కాదన్న ఆనవాయితీ ఒకటి ఉంది గనుక అదీ చూద్దాం. 1985 ప్రాంతంలో ఒసాకాలోని మత్సుషిత కంపెనీ ఇంట్లోనే బ్రెడ్ చేసుకునే యంత్రం తయారు చేయబోయి ఇబ్బందుల్లో పడింది. పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ ఊళ్ళో మంచి బ్రెడ్‌కు పేరున్న హోటల్ వంటమాస్టర్ దగ్గర చేరి పిండి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని సాగదీస్తూనే ఒక మెలి తిప్పుతున్నాడని గమనించింది. ఇంజనీర్లతో కూర్చుని యంత్రం లోపల గట్లు లేపి ఆ మెలికను తెప్పించారు. యంత్రం బాగా అమ్ముడుపోయింది. జపాన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా ఈ ఉదాహరణతోనే, ఒకరి చేతిలో ఉన్న విద్య పక్కన కూర్చుని నేర్చుకోవడం ద్వారా మాటల్లోకి, మాటల నుంచి డ్రాయింగుల్లోకి, అక్కడి నుంచి మళ్ళీ ఇంకొకరి చేతిలోకి ఎలా చేరుతుందో వివరించాడు. ఆయన, హిరోతాకా తాకెయుచి కలిసి 1995లో దాన్ని పూర్తి సిద్ధాంతంగా తెచ్చారు.

ఈ కథ చెప్పేవాళ్ళు ఒక చిన్న సంగతి దాటేస్తుంటారు. ఆ వంటమాస్టర్ యంత్రాలు అమ్మడు. తన మెలిక చూపించినందుకు అతని హోటల్ గిరాకీ పోలేదు. అదే ఊళ్ళో పోటీ హోటల్ వంటవాడు వచ్చి పిండి పిసుకుతానంటే ఆ వంటగది తలుపు అంత తేలిగ్గా తెరుచుకునేదా?

పాయింట్లు కావాలా, పేరు కావాలా?

చెప్పినవాడికి లాభం ఉండాలి అనగానే చాలా కంపెనీలకు తట్టేది బహుమతి. ఇన్ఫోసిస్ ఆ దారిలోనే వెళ్ళి ఒక పాఠం నేర్చుకుంది. తన జ్ఞాన పోర్టల్‌లో అనుభవాలు రాసిన ఉద్యోగులకు పాయింట్లు ఇచ్చి, వాటిని బహుమతులుగా మార్చుకునే వీలు కల్పించింది. రాతలు వరదలా వచ్చాయి. పాయింట్ల కోసం రాసినవి ఎక్కువ, పనికొచ్చేవి తక్కువ. వాటిని సరిచూసే సమీక్షకుల మీద భారం పెరిగింది, పోర్టల్ మీద నమ్మకం తగ్గింది. దాంతో కంపెనీ పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ దాచకుండా బయటి పరిశోధకులను ఇదంతా రాయనివ్వడం మెచ్చుకోదగ్గ విషయం.

జిరాక్స్ కంపెనీ కథ దీనికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. కాపీ యంత్రాలు రిపేరు చేసే టెక్నీషియన్లు చిక్కు సమస్యలను మాన్యువల్ చూసి తీర్చడం లేదని, టిఫిన్ దగ్గర, టీ దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథల ద్వారా తీర్చుకుంటున్నారని జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1980ల్లో వాళ్ళతో తిరిగి గమనించాడు. 1990ల్లో ఆ కథలను చేరవేయడానికి యురేకా అనే వ్యవస్థ వచ్చింది. ఒకరు రాసిన చిట్కాను తోటి టెక్నీషియన్లే పరీక్షించి ఒప్పుకోవాలి, రాసినవాడి పేరు దాని పక్కన ఉండాలి. డబ్బు ఇస్తామన్న ఆలోచన వస్తే వద్దన్నది టెక్నీషియన్లే. డబ్బు వస్తే లెక్క పెంచే పోటీ మొదలవుతుందని వాళ్ళకు ముందే తెలుసు. తమ వృత్తిలో తమ పేరు నిలిస్తే వాళ్ళకు అది చాలు.

మన దగ్గర "సజెషన్ బాక్స్" ఎందుకు బూజు పట్టిపోతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. పేరు లేకుండా కాగితం వేయమంటారు. జవాబు రాదు. నచ్చితే ఆరు నెలల తర్వాత అదే ఆలోచన ఏ మేనేజర్ ప్రెజెంటేషన్‌లోనో తేలుతుంది. ఇది ఒకసారి చూసినవాడు రెండోసారి కాగితం వేయడు.

పెనుకొండకు రాసి వచ్చిన విద్య

రాసి పెట్టిన జ్ఞానం ఎంత వేగంగా కదలగలదో చూడాలంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచికి వెళ్ళాలి. కియా ఒప్పందం 2017 ఏప్రిల్‌లో జరిగింది. 2019 ఆగస్టులో సెల్టోస్ ఉత్పత్తి మొదలైంది. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2023 జులై నాటికి 10 లక్షల కార్లు బయటికి వచ్చాయి. వేరుశనగ తప్ప ఇంకేం పండుతుందని అడిగే నేలలో రెండేళ్ళ మీద కొన్ని నెలల్లో ఉత్పత్తి మొదలవడం సాధ్యమైందంటే, కొరియా నుంచి వచ్చినవి యంత్రాలు మాత్రమే అయి ఉంటే కుదిరేది కాదు. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ పని తర్వాత ఏ పని, లైను మీద ఒక్కో స్టేషన్‌లో, అంటే ఒక్కో పనిచోట, ఎన్ని క్షణాలు అన్నది వాహన పరిశ్రమ దశాబ్దాలుగా రాసి పెట్టుకుంది. రాయలేనిది నేర్పడానికి కొరియన్ ఇంజనీర్లు వచ్చి ఇక్కడే కాపురం ఉన్నారు. ఈ దారిలో కొరియన్ భాషలో బోర్డులు, కొరియన్ హోటళ్ళు వెలిసింది అందుకే. విడిభాగాల సరఫరాదారులూ ఆ వెంటే వచ్చారు.

ఇక్కడి ఐటీఐ, డిప్లొమా పిల్లలు ఆ రాతను చదివి పని చేయడం నేర్చుకున్నారు. అది చిన్న విషయమేమీ కాదు. తర్వాతి మెట్టు ఆ రాతను మార్చగలగడం. టయోటా 1951లోనే ఉద్యోగుల సలహాల పద్ధతి పెట్టింది. లైను మీద నిలబడ్డ మనిషి తన స్టేషన్‌లో ఒక అడుగు నడక తగ్గించే మార్పు చెబితే సూపర్‌వైజర్ దాన్ని చూసి జవాబు ఇవ్వాలి. ఆ పద్ధతి ఇన్ని దశాబ్దాలు నిలవడానికి జవాబు ఒక్కటే కారణం కాదు. మార్పు వల్ల ఒక మనిషి పని మిగిలిపోతే అతన్ని ఇంకో పనికి పంపుతారే గానీ ఇంటికి పంపరన్న భరోసా దాని వెనక ఉంది. మన దేశంలో వాహన పరిశ్రమ అంతటా ట్రైనీలుగా, అప్రెంటిస్‌లుగా వచ్చి గడువు తీరగానే వెళ్ళిపోయే యువకుల సంఖ్య ఎక్కువ. స్టేషన్‌లో ఏది సరిగ్గా లేదో గమనించే వయసూ చురుకూ వాళ్ళకే ఉంటాయి. చెప్పడానికి కారణం మాత్రం వాళ్ళకు తక్కువ.

పక్కపక్కనే ఉన్నా

బయట ఉన్న తెలివిని గుర్తుపట్టాలంటే లోపల కొంత తెలివి ముందే ఉండాలని కోహెన్, లెవింథాల్ అనే పరిశోధకులు 1990లో వాదించారు. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల వ్యర్థం దీనికి మంచి ఉదాహరణ. బండలను కోసి, నునుపు చేసేటప్పుడు నీళ్ళతో కలిసి వచ్చే బూడిదరంగు బురద ఎండి, గాలికి లేచి పొలాల మీదా ఇళ్ళ మీదా పడుతుంది. అది ప్రధానంగా సున్నపురాయి పొడే. సిమెంటు ముడిసరుకులో, ఇటుకల్లో వాడవచ్చని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. కూతవేటు దూరంలో సిమెంటు ప్లాంట్లు ఉన్నాయి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది. అయినా కలవడం లేదంటే అడ్డం పడేవి చిన్న సంగతులే: బురదలో తేమ ఎక్కువ, ఆరబెట్టి రవాణా చేసే ఖర్చు ఎక్కువ, కూర్పు ఒక్కో షెడ్డులో ఒక్కోలా ఉంటుంది. ఏ షెడ్డు నుంచి ఏ రోజు ఎంత వచ్చింది, అందులో ఏముంది అన్న రికార్డు చిన్న యూనిట్ల దగ్గర ఉండదు. ఆ రికార్డు లేనిదే సిమెంటు ప్లాంటు క్వాలిటీ విభాగం మాట్లాడటానికైనా కూర్చోదు. ఒక్కో షెడ్డు సొంతంగా ల్యాబ్ పెట్టలేదు. యజమానుల సంఘం ఉమ్మడిగా శాంపిళ్ళు తీయించి, ఏడాది పాటు లెక్కలు రాయిస్తే బేరానికి ఒక ఆధారం దొరుకుతుంది.

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 వేరుశనగ రకం రైతుల్లోకి పోయిన తీరు దీనికి పూర్తిగా వేరు. వేరుశనగ స్వపరాగ సంపర్కం జరిగే పంట కాబట్టి రైతు తన కాయలనే మళ్ళీ విత్తనంగా వాడుకోవచ్చు. బంధువుకు రెండు బస్తాలు ఇస్తే తన పంటకు వచ్చే నష్టమేమీ లేదు, తన ధరా పడిపోదు. ప్రభుత్వ ప్రచారం చేయగలిగినంత పనీ చేసింది, మిగతాది రైతుల మధ్య మాటామంతీ చేసింది.

సర్టిఫికెట్ల సంగతి

నాణ్యతకు సంబంధించిన ఐఎస్ఓ 9001 ప్రమాణం 2015లో మారినప్పుడు, సంస్థ తనకు అవసరమైన జ్ఞానం ఏదో గుర్తించి కాపాడుకోవాలన్న నిబంధన కొత్తగా చేరింది. 2018లో జ్ఞాన నిర్వహణకే ఐఎస్ఓ 30401 పేరుతో వేరే ప్రమాణం వచ్చింది. మంచి ఉద్దేశమే. ఆచరణలో ఆడిట్‌కు వారం ముందు ఫైలు నిండుతుంది, ఆడిటర్ వెళ్ళాక బీరువాలోకి పోతుంది. ఇక్కడ దాని గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

లెక్క ఎక్కడ మార్చాలి

ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగింది లాగ్‌బుక్. "నార్మల్" అన్న మాటకు చోటు తీసేసి, ఈ షిఫ్టులో ఏది మామూలుగా లేదు, ఏం చేశావు, పనిచేసిందా అని మూడు గళ్ళు పెడితే సగం పని అవుతుంది. మిగతా సగం ఉదయం మీటింగులో ఉంది. "ఎవరి షిఫ్టులో?" అన్న ప్రశ్న ఆ మీటింగులో రాకూడదు. అది ప్లాంట్ హెడ్ నోటి నుంచి ఒక్కసారి వచ్చినా ఆ మూడు గళ్ళూ మళ్ళీ నార్మల్ అయిపోతాయి. పొరపాటును దాచినందుకు శిక్ష ఉండాలి, రాసినందుకు ఉండకూడదు. టాటా గ్రూపు తన ఇన్నోవిస్టా పోటీల్లో, గట్టిగా ప్రయత్నించి విఫలమైన ప్రాజెక్టులకు "డేర్ టు ట్రై" అని ప్రత్యేక విభాగమే పెట్టింది. అంత హంగు చిన్న సంస్థలకు అక్కర్లేదు, విఫలమైన ప్రయత్నాన్ని నలుగురిలో నవ్వులపాలు చేయకుండా ఉంటే చాలు.

రిటైర్ కాబోయే ఆపరేటర్ దగ్గర చివరి వారం ఒక వీడియో తీసి "అనుభవం భద్రపరిచాం" అనుకోవడం కొన్నిచోట్ల మొదలైంది. అందులో సన్మాన సభ ధోరణి తప్ప పనికొచ్చేది తక్కువ. అతనితో ఆరు నెలల ముందు నుంచే జూనియర్‌ను జంటగా వేసి, ఆ ఆరు నెలలకు నేర్పే భత్యం ఇచ్చి, జూనియర్ సొంతంగా కిల్న్ నడపగలిగితే పెద్దాయన కన్సల్టెంట్ కాలం పెరుగుతుందని ముందే రాసిస్తే లెక్క తిరగబడుతుంది. దాచుకుంటే వచ్చే లాభం కంటే నేర్పితే వచ్చేది ఎక్కువవుతుంది.

వాట్సాప్ గ్రూపులు ఇప్పటికే సగం సంస్థలకు అనధికార లాగ్‌బుక్‌లు. ఫిట్టర్ రాయడానికి ఇష్టపడడు గానీ, పాడైన బేరింగ్ ఫొటో పెట్టి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ మాత్రం పెడతాడు. ఫోను మారితే అది పోతుంది. తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి కాబట్టి, ఆ వాయిస్‌ను యంత్రం నంబరు, తేదీ, చెప్పినవాడి పేరుతో కలిపి ఒకచోట పేర్చడం పెద్ద ఖర్చు కాదు. సీమ యాసలో, ఫ్యాక్టరీ మాటల్లో చెప్పినదాన్ని అవి తప్పుగా వినే అవకాశం ఉంది గనుక ఒక సీనియర్ ఫిట్టర్ సరిచూడాలి. పేరు తీసేయకూడదు. రేపు ఆ పోగంతా చూసి ఏదో సాఫ్ట్‌వేర్ సమాధానం చెప్పే రోజు వచ్చినా, ఆ సమాధానం ఎవరి అనుభవం నుంచి వచ్చిందో కింద కనిపించాలి. అది లేకపోతే పాత భయమే కొత్త రూపంలో తిరిగి వస్తుంది, నా దగ్గర లాక్కుని నన్నే పంపేస్తారని.

అన్నిటికంటే కష్టమైనది కాంట్రాక్టు. గడువు చివరి నెలలో పాత గ్యాంగు, కొత్త గ్యాంగు పదిహేను రోజులు కలిసి పనిచేయాలని, ఆ పదిహేను రోజులకు ఇద్దరికీ కూలి ఉంటుందని, పాత కాంట్రాక్టర్ చివరి బిల్లులో కొంత భాగం ఆ అప్పగింత సరిగ్గా జరిగాకే విడుదలవుతుందని టెండర్‌లోనే రాయవచ్చు. నైపుణ్యం ఉన్న పాత ఫిట్టర్లను కొత్త కాంట్రాక్టర్ కొనసాగించాలని కూడా షరతు పెట్టవచ్చు. అలా చేస్తే వెళ్ళేవాడు, వచ్చేవాడు ఒకే మనిషి అవుతాడు, చెప్పాల్సిన అవసరమే సగం పోతుంది. ఈ షరతులు పెడితే కొటేషన్ రేటు కొంత పెరుగుతుంది. ఆ పెరుగుదల కొనుగోలు విభాగం కంటికి వెంటనే కనిపిస్తుంది, ఎందుకంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి పని ఇవ్వడమే వాళ్ళ కొలమానం. కొత్త గ్యాంగు మొదటి షట్‌డౌన్ ఆలస్యం చేస్తే పోయే ఉత్పత్తి మాత్రం ప్రొడక్షన్ విభాగం ఖాతాలో పడుతుంది. రెండు ఖాతాలూ ఒకే కాగితం మీద చూసే అధికారం ప్లాంట్ హెడ్‌కే ఉంది కాబట్టి, టెండర్ ఫారంలో ఆ గడి చేర్చాల్సింది ఆయనే.